పాత బల్లకు క్రొత్త రంగు



సండేస్కూలు పిల్లల కొరకు మనము కొన్న పాత టేకు బల్లకు క్రిస్మసు ముందు త్వరపడి రంగు వేసితిమి. జిడ్డు తుడువలేదు, పాత పెచ్చులు గీకలేదు. వానకాలము వచ్చుసరికి రంగు పొరలు పొరలుగా ఊడిపోయెను.

ఈమారు పని మొదటినుండి చేసితిమి. పాత రంగులలో సీసముండవచ్చును గనుక పిల్లలను దూరముగా నుంచి, దుమ్ము లేవకుండ తడిపి, నీటిలో వాడు ఉప్పుకాగితముతో రుద్దితిమి. ఆరిన తరువాత పగుళ్లలో లప్పము నింపి, ప్రైమరు పూసి, పలుచగా రెండు పూతలు వేసితిమి. అంచున ద్రాక్షతీగ అచ్చు చివరకు వేసినదే.

మరి మన సంగతి యేమి? సహోదరునిమీద కోపము లోపల నుంచుకొని, మందిరపు వాకిట "వందనములు" అనుచున్నాము. అది గీకని బల్లమీది రంగే. అర్పణకంటె ముందు సమాధానపడవలెనని ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో బోధించెను గదా! తడి దుమ్మును అణచినట్లు దీనమనస్సు నిందను అణచును. కావున నలుగురిలో కాక, ఒంటరిగా పోయి మాటలాడుదము. ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందే ఆ యింటి గడప త్రొక్కుదము.

దేవుడు మనకు తోడైయుండును గాక. ఆమేన్.