మర్జీ ఎవరిది?

2020 అక్టోబర్ వరదల తర్వాత హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, ఒక చెరువు కింది బస్తీకి వార్త రాయడానికి వెళ్లాను. వాన వెలిసి రోజులు గడిచినా ఇళ్లలో మోకాటిలోతు నీళ్లున్నాయి. ఒకింటి మేడమెట్ల మీద ఒక ఖాలా కూర్చుని, తడిసి అతుక్కుపోయిన కాగితాలను ఒక్కొక్కటే విడదీసి ఎండబెడుతోంది. రేషన్ కార్డు, పిల్లల మార్కుల మెమోలు, తన నిఖానామా. 'కైసా హువా ఖాలా?' అని అడిగాను. 'క్యా బోలూ బేటా, అల్లా కీ మర్జీ' అంది.

ఆ మాట రాసుకుని ఆఫీసుకొచ్చాను. నా వార్త చదివిన మిత్రుడొకడు 'మీవాళ్లతో ఇదే చిక్కు భాయ్. అన్నిటికీ అల్లానే అంటారు. మతం తలకెక్కినచోట సైన్సు ఎక్కదు' అన్నాడు. చెడ్డవాడు కాదు. నాతో కలిసి టీ తాగేవాడు, ఈద్‌కి మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తినేవాడు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంది. 'మీవాళ్లు' అనే మాట మాకు కొత్త కాదు. కానీ ఆ రోజు నాకు జవాబు తోచలేదు. నిజంగానే దేవుణ్ని గట్టిగా నమ్మేవాడికి వాతావరణ శాస్త్రం నమ్మబుద్ధి కాదా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది.

ఆ వాదానికి అందరూ చూపించే ఉదాహరణ అమెరికా. అక్కడ ఇవాంజెలికల్ క్రైస్తవం, రిపబ్లికన్ రాజకీయం, భూతాపం మీద అపనమ్మకం మూడూ ఒకే అరుగు మీద కూర్చుని కనిపిస్తాయి. ఒక్లహోమా సెనేటర్ జేమ్స్ ఇన్‌హాఫ్ 2015 ఫిబ్రవరి 26న సెనేట్‌లోకి ఒక మంచు ఉండ పట్టుకొచ్చాడు. బయట ఇంత చలి ఉంటే భూమి వేడెక్కడమేమిటని ఎగతాళి చేశాడు. అంతకు మూడేళ్ల ముందు రేడియోలో మాట్లాడుతూ బైబిల్ ఆదికాండాన్ని సాక్ష్యానికి పిలిచాడు. ప్రళయం తర్వాత రుతువులు ఆగవని దేవుడు మాటిచ్చాడు కాబట్టి మనిషి వాతావరణాన్ని మార్చలేడట. 2022లో ప్యూ పరిశోధనా సంస్థ జరిపిన సర్వేలో వాతావరణ మార్పు చాలా తీవ్రమైన సమస్య అని ఒప్పుకున్న ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు నూటికి 34 మందే. నా మిత్రుడి మాటే నిజమన్నట్టుంది.

కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. నల్లజాతి చర్చిలకు చెందిన ప్రొటెస్టెంట్లలో అదే మాట అన్నవాళ్లు నూటికి 68 మంది. ఈ నల్లవాళ్ల భక్తి ఏమీ తక్కువది కాదు. ఇద్దరిదీ అదే బైబిల్, అదే ప్రళయం కథ, అదే మాట ఇచ్చిన దేవుడు. గ్రంథం ఒకటే అయినప్పుడు జవాబులు ఇంత దూరం జరిగాయంటే తేడా గ్రంథంలో లేదన్నమాట. చదివేవాడు ఏ పార్టీతో నిలబడ్డాడు, ఏ వీధిలో బతుకుతున్నాడు, ఎవరి చేతిలో దెబ్బతిన్నాడు అన్నదాంట్లో ఉంది.

ఇంకా చూడండి. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ఐపీసీసీలో శాస్త్రీయ అంచనాల బృందానికి చాలాకాలం నాయకత్వం వహించిన జాన్ హాటన్ నిష్ఠగల ఇవాంజెలికల్ క్రైస్తవుడు. టెక్సస్‌లో పనిచేస్తున్న వాతావరణ శాస్త్రవేత్త కాథరీన్ హేహో కూడా ఇవాంజెలికలే, ఒక పాస్టర్ భార్య. 2006లో 86 మంది ఇవాంజెలికల్ నాయకులు భూతాపాన్ని అరికట్టాలని ప్రకటన చేశారు. 2009లో కార్న్‌వాల్ అలయన్స్ అనే మరో క్రైస్తవ బృందం, దేవుడు చేసిన వాతావరణం తనను తాను సర్దుకుంటుందని ఎదురు ప్రకటన చేసింది. పోట్లాట మతానికీ సైన్సుకీ మధ్య మాత్రమే కాదు. ఒకే మతం లోపల, దేవుడి పేరు ఎవరికి పనికిరావాలన్న పోట్లాట.

పోనీ, తప్పంతా సంప్రదాయవాద రాజకీయానిదా? అదీ అంత తేలిక కాదు. సంప్రదాయవాది అంటే ఉన్నదాన్ని కాపాడుకోవాలనేవాడు. 1989 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో నిలబడి వాతావరణం గురించి ప్రపంచాన్ని హెచ్చరించింది ఎవరు? రసాయనశాస్త్రం చదివిన బ్రిటన్ కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్. 1992లో రియో వాతావరణ ఒప్పందం మీద సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జి బుష్, పెద్దాయన. అప్పటికింకా ఇది పార్టీ గొడవ కాలేదు. తర్వాత ఏం జరిగింది? భూతాపాన్ని ఆపాలంటే బొగ్గు, చమురు తగ్గించాలి. తగ్గించాలంటే ప్రభుత్వం పన్నులు వేయాలి, కట్టడి చేయాలి. చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు 1989లోనే ఒక కూటమి కట్టి శాస్త్రం మీద సందేహాలు పంచాయి. ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970లు, 80లలో వేసిన అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అంటే లోపల తెలుసు, బయట సందేహం. మందు చేదని రోగమే లేదన్నారు. పార్టీ దాన్ని ఎత్తుకుంది. డార్విన్ కాలం నుంచీ చదువుకున్నవాళ్ల వెక్కిరింపు పడ్డామనే కోపంతో ఉన్న చర్చి జనానికి ఆ సందేహం ఒక గుర్తుగా అందింది. దాన్ని పెట్టుకున్నవాడు మనవాడు, పెట్టుకోనివాడు పరాయివాడు.

ఇలా ఒక అభిప్రాయం కౌమ్ గుర్తుగా ఎలా మారుతుందో మనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2000ల మొదట్లో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చాలా ముస్లిం ఇళ్లు పోలియో చుక్కలకి తలుపులు వేసుకున్నాయి. పిల్లలు పుట్టకుండా చేసే మందని పుకారు. దేశమంతా 'వాళ్ల మతమే అంత' అంది. కానీ చుక్కలు వద్దని ఖురాన్‌లో ఎక్కడుంది? ఆ భయం ఖురాన్‌ది కాదు, సర్కారుది. ఎమర్జెన్సీలో బలవంతంగా చేసిన ఆపరేషన్లు మరిచిపోని ఊళ్లు అవి. రోడ్డు వేయని, డ్రైనేజి వేయని సర్కారు చుక్కలమందు పట్టుకుని మాత్రం పదేపదే తలుపు కొడుతుంటే అనుమానం రాదా? ఉలేమాలు, అలీగఢ్, జామియా మిలియా విశ్వవిద్యాలయాల వాళ్లు ఇంటింటికీ తిరిగాక, మసీదు మైకుల్లో చెప్పాక ఆ తలుపులే తెరుచుకున్నాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో. మతం అడ్డమైతే మసీదు మైకు ఎలా పనిచేసింది?

ఈ పోలికలో ఒక తేడా మరవకూడదు. మన మొహల్లాది దెబ్బతిన్నవాడి భయం. దాని నష్టం ముందు మన పిల్లలకే. అమెరికా సెనేటర్‌ది అధికారం ఉన్నవాడి మొండితనం. దాని నష్టం అతన్ని ఎన్నుకోని బంగ్లాదేశ్ రైతుకి, మాల్దీవుల జాలరికి. రెండిటికీ తప్పు అనే పేరే పెట్టొచ్చు గానీ బరువు ఒకటే కాదు.

అయితే వేలు అటు చూపించి తప్పుకోలేం. 2009లో కోపెన్‌హేగన్ సమావేశానికి ముందు, మనుషుల పనులకీ వాతావరణ మార్పుకీ సంబంధం లేదని చెప్పింది సౌదీ ప్రతినిధి. 2018 డిసెంబర్‌లో కటోవిట్సెలో, ఒకటిన్నర డిగ్రీల మీద ఐపీసీసీ ఇచ్చిన నివేదికను స్వాగతించడానికి అమెరికా, రష్యాలతో కలిసి అడ్డుపడ్డది సౌదీ అరేబియా, కువైట్. 2024లో బాకూ సమావేశంలో చమురు దేవుడిచ్చిన కానుక అన్నది ఆతిథ్యమిచ్చిన అజర్‌బైజాన్ అధ్యక్షుడే. అదే ఏడాది జూన్‌లో మక్కాలో ఎండ 51 డిగ్రీలు దాటింది. ఆ హజ్‌లో 1300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో నూటికి 83 మంది అనుమతి లేకుండా వచ్చినవాళ్లని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. ఏసీ గుడారాలు, బస్సులు వాళ్లకి లేవు. కాబా చుట్టూ తిరిగేది ఒకే నేల మీద, నీడ మాత్రం అందరికీ ఒకటి కాదు. 2015లో ఇస్తాంబుల్‌లో కూడిన ముస్లిం పండితులు చమురు వాడకాన్ని ఈ శతాబ్దం మధ్యకల్లా వదిలించుకోమని, అందులో చమురు దేశాలు ముందుండాలని పిలుపిచ్చారు. భూమి మనిషికి అప్పగించిన అమానత్ అని, మీజాన్ అంటే తూకం తప్పకూడదని గుర్తుచేశారు. రియాద్‌దీ ఇస్లామే, ఇస్తాంబుల్ ప్రకటనదీ ఇస్లామే. మళ్లీ అదే కథ.

ఇక ఖాలా మాట దగ్గరికి వస్తాను. అల్లా కీ మర్జీ అనేది ఒకే వాక్యం కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. అంతా పోగొట్టుకున్న మనిషి నోట అది సబర్. నా దుఃఖాన్ని నీ ముందు పరుచుకోను, నేనింకా నిలబడే ఉన్నాను అనే ఇజ్జత్. చెరువు పూడ్చి ప్లాట్లు అమ్మినవాడి నోట, నాలా మీద కట్టడానికి కాగితం ఇచ్చినవాడి నోట అదే వాక్యం వస్తే అది దొంగతనం. తన పనిని దేవుడి ఖాతాలో వేయడం. ఇన్‌హాఫ్ బైబిల్ మాట ఈ రెండో రకం. బాకూలో చెప్పిన కానుక మాటా ఈ రెండో రకమే.

ఒంటెను వదిలేసి అల్లా మీద భారం వేయాలా అని అడిగినవాడికి, ముందు కట్టెయ్యి, ఆ తర్వాత భారం వెయ్యి అని ప్రవక్త చెప్పినట్టు హదీసు. ఇన్‌హాఫ్ సాక్ష్యానికి పిలిచిన ప్రళయం కథ మనదీనూ. నూహ్ అలైహిస్సలాం దేవుణ్ని నమ్మాడు కాబట్టే పడవ కట్టాడు. వరద రాదన్నది ఆయన్ని వెక్కిరించినవాళ్లు. హైదరాబాద్‌కీ ఇలాంటి పాఠం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వేలమందిని మింగింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నదికి హారతిచ్చి శాంతించమని వేడుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ కథ హారతితో ఆగలేదు. విశ్వేశ్వరయ్యను పిలిపించారు, లెక్కలు కట్టించారు, ఏడో నిజాం కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ లేచాయి. దువా చేశారు, ఆనకట్టా కట్టారు. ఆ కాలం మనిషికి ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

నా మిత్రుడికి ఇప్పుడు నా దగ్గర జవాబుంది. అందులో సగం నాకూ తగులుతుంది. ఆ రోజు నా వార్తకి నేను పెట్టుకున్న శీర్షిక 'ప్రకృతి ప్రకోపం'. ఖాలా అల్లా అన్నచోట నేను ప్రకృతి అన్నాను, అంతే. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ నూటికి ఏడు వంతులు ఎక్కువ తేమ మోస్తుందని, పట్టిన చోటల్లా వాన మరింత గట్టిగా కొడుతుందని తెలిసిన చదువుకున్నవాణ్ని నేను. చెరువు శిఖం ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో, ఎవరు సంతకం చేశారో అడగాల్సిన ఉద్యోగం నాది. మతం లేని మాటతోనే నేనూ ఆ పేర్లన్నిటినీ నీళ్లలో ముంచేశాను.

వారం తర్వాత మళ్లీ ఆ బస్తీకి వెళ్లాను. ఖాలా నిఖానామా ఆరింది గానీ సిరా చెదిరిపోయింది. ఈసారి నేనేమీ అడగకముందే తనే అడిగింది. 'బేటా, పానీ తో అల్లా భేజా. తాలాబ్ కౌన్ బేచా?' నీళ్లు అల్లా పంపాడు సరే, చెరువు ఎవడమ్మాడు? మతం తలకెక్కిందని మేం అనుకున్న మనిషి అడిగిన ప్రశ్న అది. వార్తలో నేను రాయాల్సిన మొదటి వాక్యం.