జవాబు రానిచ్చే మాటే సమ్మావాచ



పున్నమినాడు వందనకు కూర్చున్నప్పుడు మనం పంచశీలాలు తీసుకుంటాం. వాటిలో నాలుగోది మాట గురించిన శీలం. అబద్ధం ఆడను అని మాట ఇచ్చి లేస్తాం. అబద్ధం ఆడకపోతే ఆ శీలం పూర్తయినట్టేనా? పొద్దున లేచింది మొదలు పండుకునే దాకా ఇంట్లో, పనికాడ, బస్సులో, ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంటాం. ఆ మాటలు అవతలివారికి ఎట్లా చేరుతున్నాయో, తిరిగి ఏం వస్తుందో ఎప్పుడైనా చూసుకున్నామా? ఈ నెల దీని గురించే ఆలోచిద్దాం.

మాట ఎట్లా ప్రయాణం చేస్తుందో చెప్పే శాస్త్రం ఒకటుంది. దాన్ని సమాచార సిద్ధాంతం అంటారు. 1948లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే ఇంజనీరు టెలిఫోన్, టెలిగ్రాఫ్ పనిని దృష్టిలో పెట్టుకొని దీన్ని రాశాడు. పంపేవారు ఒకరు, అందుకునేవారు ఒకరు, మధ్యలో ఒక దారి. ఆ దారిలో రొద కలిస్తే పంపింది ఒకటి, అందింది ఇంకొకటి అవుతుంది. అదే ఏడు హెరాల్డ్ లాస్‌వెల్ అనే పండితుడు ఐదు ప్రశ్నలు వేసుకొమ్మన్నాడు: ఎవరు, ఏం, ఏ దారిలో, ఎవరికి చెప్పారు, దానివల్ల ఏం జరిగింది? అదే ఏడు నార్బర్ట్ వీనర్ తన పుస్తకంలో తిరుగు జవాబు ఎంత ముఖ్యమో చూపించాడు. పంపినదానికి ఫలితం వెనక్కి తెలిస్తేనే తప్పును సరిదిద్దుకోగలం. జవాబు రాకుంటే, చెప్పింది అందిందో లేదో చెప్పినవారికే తెల్వదు.

షానన్ తన లెక్కలో మాట అర్థాన్ని పక్కన పెట్టాడు. మాట మంచిదా చెడ్డదా అన్నది యంత్రానికి అక్కర లేదు. మనిషికి మాత్రం అదే అసలు సంగతి. బుద్ధుడు పట్టుకున్నది ఆ సంగతినే.

అష్టాంగ మార్గంలో సమ్మావాచ మూడో అంగం. భగవానుడు నాలుగు రకాల మాటలు మానుకొమ్మన్నాడు: అబద్ధం, ఇద్దరి మధ్య తగువు పెట్టే చాడీ, మనసు కోసే పరుషమైన మాట, పనికిరాని సొల్లు. మంచి మాటకు ఐదు గుర్తులు కూడా చెప్పాడు. అది సమయానికి రావాలి, నిజం కావాలి, మెత్తగా ఉండాలి, మేలు చేయాలి, మైత్రితో పుట్టాలి. ఈ ఐదూ మాట్లాడేవారి కోసం మాత్రమే కావు. వినేవారిని మనిషిగా గుర్తించేవాళ్లే ఇవి పాటించగలరు.

ఇప్పుడు మన ఊర్ల సంగతి చూద్దాం. కులం అంటే ఏంది? అంటరానితనం, వేరే వాడ, వేరే బావి. వీటితోపాటు ఇంకొకటి కూడా ఉంది: కులం అంటే జవాబు లేని మాట. మన తాత డప్పు కొట్టి ఊరంతా చాటింపు వేసేవాడు. గొంతు తాతదే, మాట మాత్రం దొరది. "ఒరేయ్" అని పిలుపు వస్తే "నీ బాంచెన్" అనడమే దక్కిన జవాబు. చిన్న పిల్లగాడు పేరు పెట్టి పిలిచినా పెద్దమనిషి పలకాల్సిందే. మాట పైనుంచి కిందికి వచ్చింది, కిందనుంచి పైకి పోలేదు.

మన జిల్లాలోని పోచంపల్లినే చూడండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరి దళిత వాడకు పోయి, మీకేం కావాలని అడిగాడు. ఎనభై ఎకరాలు కావాలని వాళ్లు జవాబు చెప్పారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని లేచాడు. భూదానం ఆ తర్వాత ఎంతవరకు న్యాయం చేసిందన్నది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది వాళ్ల జవాబును. ఎంత భూమి ఉంటే బతుకుతామో ఆ వాడకు లెక్కతో సహా తెలుసు. ఆ లెక్క తరతరాలుగా వాళ్ల కడుపులోనే ఉంది. అడిగినవాళ్లు లేరు, అంతే. ఇయ్యాల మనకు వినపడేది ఇచ్చినవారి పేరే. అడిగినవారి పేర్లు ఎంతమందికి తెలుసు?

బాబాసాహెబ్‌కు కూడా ఇదే జరిగింది. 1936లో లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు ఆయనను అధ్యక్షుడిగా పిలిచి, ఉపన్యాసం ముందుగానే చూసి, కొన్ని మాటలు తీసెయ్యమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. ఆయన ఊరుకోలేదు, దాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. అదే 'కుల నిర్మూలన'. ప్రజాస్వామ్యం అంటే ఒక ప్రభుత్వ పద్ధతి మాత్రమే కాదని, కలిసి బతుకుతూ అనుభవాలను ఒకరికొకరు చెప్పుకునే జీవనమని అందులో వివరించాడు. చెప్పుకోవడం ఆగిన చోట సమాజమే లేదన్నమాట.

ఇది ఇతరులకు చెప్పే పాఠమే అయితే సులువు. కానీ మనమూ అద్దం చూసుకోవాలె. పనికాడ మేస్త్రీతో తిట్లు తిన్నవాడు సాయంత్రం ఇంటికొచ్చి అవే తిట్లు భార్య మీద పోస్తే, మాట ఎక్కడినుంచి ఎక్కడికి పోయింది? "ఒసేయ్" అని పిలిచే ఇంట్లో గోడ మీద బుద్ధుడి పటం ఉండి ఏం లాభం? కోడలు ఏమన్నా చెప్పబోతే "నువ్వూకో" అంటే, మనం కూడా ఇంట్లో ఒక చిన్న దొర గడిని కట్టుకున్నట్టే.

ఒకసారి రాజగృహంలో భారద్వాజుడనే బ్రాహ్మణుడు కోపంతో వచ్చి భగవానుడిని నానా తిట్లు తిట్టాడు. మీ ఇంటికి చుట్టాలు వస్తే అన్నం పెడతావా, వాళ్లు తినకపోతే ఆ అన్నం ఎవరిదవుతుందని బుద్ధుడు అడిగాడు. నాదే అన్నాడు అతను. మరి నీ తిట్లను నేను తీసుకోలేదు, అవి నీ దగ్గరే ఉన్నాయన్నాడు భగవానుడు. దీన్ని "పడుండు, నోరు మూసుకో" అని అర్థం చేసుకోకండి. కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కేసు పెట్టడం ధమ్మానికి అడ్డం కాదు. తిట్టును మనసులో నిలుపుకోకుండా, ఇంటిదాకా మోసుకొచ్చి ఇంకొకరికి వడ్డించకుండా ఉండడమే తీసుకోకపోవడం.

ఇంకొక మాట. వర్గీకరణ చర్చ వచ్చినప్పటినుంచి మాల, మాదిగ వాడల మధ్య ఫోన్లలో ఎన్ని చాడీలు తిరుగుతున్నాయో మీకు తెలుసు. ఎవరి వాదన వాళ్లు గట్టిగానే చెప్పుకోవచ్చు. బాబాసాహెబ్ వాదించడం మానలేదు. కానీ ఎదుటి వాడలో ఒక్కరి మొఖం చూసి అడగకుండా, ఎవడో పంపినదాన్ని ఇంకో యాభై మందికి పంపితే అది వాదన కాదు, పిసుణావాచా. మధ్యలో రొద పెంచినోళ్లం మనమే అవుతాం.

వచ్చే పున్నమి దాకా మూడు పనులు చేసి చూడండి.

ఒకటి, ఇంట్లో రోజుకు ఒక్కసారి ఎవరినైనా "నువ్వేమంటవు?" అని అడిగి, వాళ్లు ముగించే దాకా మధ్యలో మాట్లాడకండి.

రెండు, ఫోన్‌లో వచ్చినదాన్ని ముందుకు పంపేముందు ఐదు గుర్తులతో పరీక్షించండి. ఒక్కటి లేకున్నా అక్కడే ఆపేయండి.

మూడు, విహారంలో వందన అయినంక పెద్దలే మాట్లాడి లేవకుండా, ఎన్నడూ నోరు విప్పని ఒక అక్కకో, చదువుకునే పిల్లకో ముందు అవకాశం ఇవ్వండి.

మన తాతలకు జవాబు చెప్పే హక్కు లేకుండె. ఆ హక్కును బాబాసాహెబ్ మనకు తెచ్చిపెట్టిండు. దాన్ని మన ఇంట్లోనే ఇంకొకరికి లేకుండా చేయకపోవడమే నాలుగో శీలాన్ని నిండుగా పాటించడం.

జై భీమ్! నమో బుద్ధాయ!