చెప్పని ప్రేమ



పెండ్లి పందిటిలో చదివింపులు జరుగుట మీరు చూచినదే. ఒకడు నోటుబుక్కు పట్టుకొని కూర్చుండును, మరియొకడు మైకులో పేరును మొత్తమును చదువును. అది తప్పు కాదు. రేపు వారింట పెండ్లియైనప్పుడు మనము తిరిగి పెట్టవలసినది అందులో నున్నది. అయితే ఆ బుక్కులో ఎక్కని ప్రేమ ఒకటి మన పల్లెలలో కలదు. రెండు కుటుంబములు మూడు తరములుగా ఒకరికొకరు ఆధారమై బ్రదుకుచుందురు గాని, నీవనిన నాకు ప్రాణమని ఒక్కనాడైనను నోరు తెరచి చెప్పుకొనరు. చెప్పినయెడల నవ్వుదురు కూడ. ఇట్టి ప్రేమ ఎప్పటికిని చెప్పకయే యుండవచ్చునా? కొంతకాలముగా ఈ ప్రశ్న నన్ను విడుచుట లేదు.

దావీదు యోనాతానులు మాట్లాడుకొననివారు కారు. పొలములో విడిపోవునప్పుడు, తమ ఇద్దరి మధ్యనే గాక తమ సంతానముల మధ్యను యెహోవాయే సాక్షియని ప్రమాణము చేసికొనిరి (1 సమూయేలు 20). అనగా అది రెండు కుటుంబముల నిబంధన. తరువాత యోనాతాను గిల్బోవమీద కూలెను. అప్పటికి అతని కుమారుడు మెఫీబోషెతు 5 ఏండ్లవాడు; దాది వానిని ఎత్తికొని పారిపోవుచుండగా పడి కుంటివాడాయెను. దావీదు అతనిని పిలిపించునాటికి అతనికే మీకా అను చిన్న కుమారుడుండెను. లెక్కవేసి చూడుడి, నడుమ 15 ఏండ్లకు తక్కువ గడచియుండదు. అన్ని యేండ్లు దావీదు ఆ ప్రమాణమును మరచెనని నేననను. హెబ్రీ భాషలో హెసెద్ అను మాట కలదు. మన బైబిలులో అది కొన్నిచోట్ల కృపయనియు, ఈ కథలో ఉపకారమనియు కనబడును. ఇచ్చిన మాటనుబట్టి విడువక నిలుచు ప్రేమ యని దాని భావము. అది దావీదునందుండెను. గాని లోదెబారులో పరాయి యింట నున్న ఆ కుంటివానికి అది తెలియదే! రాజు పిలిపించగానే వచ్చి సాగిలపడెను. భయపడకుమని దావీదు ముందుగా చెప్పవలసివచ్చెను. ప్రాణస్నేహితుని కుమారుడు తండ్రి స్నేహితుని ఎదుట భయపడుట ఎవరి లోపము?

మన వైపు జరిగిన యొక సంగతి చెప్పుదును. చిత్తూరు ప్రక్క నేను పరిచర్య చేసిన పల్లెలో రెండు కుటుంబములుండెను. ఒకటి మన సంఘమునకు చెందినది, రెండవది గుడికి రానిది. తాతలు కలిసి ఒక బావి త్రవ్విరి, తండ్రులు అందులో బోరు వేయించిరి, కుమారులు వంతులవారీగా నీళ్ళు కట్టుకొనిరి. రక్తసంబంధము లేకున్నను ఒకరినొకరు బావా యని పిలుచుకొందురు. ఒక వేసవిలో మనవాడు జబ్బుపడి వేలూరు ఆసుపత్రిలో 40 దినములు పడియుండెను. (1900లో ఐడా స్కడ్డరు దొరసానిగారు ఒక్క మంచముతో ఆరంభించిన ఆ ఆసుపత్రి గడప త్రొక్కని ఇండ్లు మన జిల్లాలో ఎన్ని యున్నవి?) బావ ఒక్కసారి మాత్రము వచ్చి, మంచము ప్రక్క నిలుచుండి, "ఎట్లుండావు బావా" అని, కొంతసేపుండి వెళ్ళిపోయెను. మరల రాలేదు. ఇతరులు పండ్లు తెచ్చిరి, రొట్టెలు తెచ్చిరి. మూడు తరముల స్నేహము ఇదేనా యని సంఘములో మాట పుట్టెను. నేనును నమ్మితిని. అంతటితో ఊరకుండక, మంచమునొద్ద ప్రార్థించుచు, స్నేహితులు దూరమైనను ప్రభువు దూరము కాడని పలికితిని. రోగి కన్నులు తెరచి నన్ను చూచి మరల మూసికొనెను. అతని భార్య కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

సీబా కూడ 200 రొట్టెలతోను 100 ఎండు ద్రాక్షగెలలతోను రాజు ఎదుటికి వచ్చెను (2 సమూయేలు 16). మెఫీబోషెతు రాలేదు. అబ్షాలోముకు వెరచి పారిపోవుచున్న దావీదు రొట్టెలు తెచ్చినవానిని నమ్మి, రానివాని ఆస్తిని అక్కడనే వానికిచ్చివేసెను. రానివాడో, రాజు వెళ్ళిన దినము మొదలుకొని గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉదుకుకొనక యెరూషలేములో కూర్చుండెను. దానిని రాజునకు చెప్పువాడెవడు?

ఒక రాత్రి గృహకూడిక ముగించుకొని వచ్చుచుండగా, మనవాని చెరుకు తోటలో బ్యాటరీ లైటు కదలుచుండెను. ఎవరని కేకవేసితిని.

"నేనే అయ్యగారూ. ఇప్పుడే కరెంటు వచ్చె. బావ చెరుక్కు నీళ్ళు కడతా ఉండా."

ఆ దినములలో మోటార్లకు కరెంటు తరచుగా రాత్రివేళనే వచ్చెడిది. బోరులో నీళ్ళు తగ్గి రెండు చేలకు చాలవు. అతడు తన వంతు నీళ్ళను కూడ చెరుకునకే మళ్ళించియుండెను. ప్రక్కనే అతని వేరుశెనగ ఆకు ముడుచుకొని యెండుచుండెను.

"వాళ్ళకు చెప్పినావా?" అంటిని.

"చెప్పేదానికేముండాది? నా చేను ఎండతాందని తెలిస్తే బావ ఆడ పడుకోని ఉంటాడా? మీరు గూడా చెప్పొద్దు అయ్యగారూ."

సరేనంటిని. మాట నిలుపుకొనుట మంచిదే యనుకొంటిని. నిజము చెప్పవలెనంటే, నా ప్రార్థనను తలంచుకొనగా కలిగిన సిగ్గు కూడ అందులో నుండెను. ఆ వారములోనే ఆ భార్య, చెరుకు ఎండిపోయియుండునని తలంచి, పుట్టింట కట్టివేసి వచ్చిన పాడి ఆవును అయినకాడికి అమ్మించివేసెను.

బావ మౌనము రోగికి నిద్రనిచ్చెను, ఆమెకు నిద్ర లేకుండ చేసెను. తాను చేసిన మేలును దాచుట వేరు, ఎదుటివారికి అవసరమైన వార్తను దాచుట వేరు. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పినది ధర్మము చేయువానికి. ఆకలిగొన్నవానికి అన్నము వండబడిన సంగతి తెలియకూడదని ఆయన చెప్పలేదు. బావను నేను తప్పుపట్టను. రాత్రంతయు నీళ్ళలో నిలిచినవానికి అంత ఆలోచన యెక్కడిది? ఆలోచింపవలసినవాడను నేను. వేలూరికి వారము వారము పోవుచుంటిని.

రోగి కోలుకొని వచ్చెను. గట్టుమీద నిలుచుండి మొదట పచ్చని చెరుకును, తరువాత బావ చేనును చూచెను.

"చెనిక్కాయ పాయనా బావా?"

"పాయ."

వారు మాట్లాడుకొన్నది అంతే. తొలకరికి వీరి ఇంటినుండి రెండు మూటల విత్తనపు కాయలు అటు పోయినవి.

ఆమె మాత్రము నన్ను అడిగెను. ఖాళీ కొట్టము ఊడ్చుచు, తల యెత్తకుండ, "మీకు తెలుసు గదా అయ్యగారూ, ఒక్క మాట చెప్పింటే ఏమి?" అనెను. నేను జవాబు చెప్పలేకపోతిని. ఈ సంగతి పత్రికలో వ్రాయుదునా అని ఈ మధ్య అడుగగా, "రాయండి. ఆవును గూడా రాయండి" అనెను.