ప్రకృతి సౌందర్యం – ప్రేక్షకుని బాధ్యత

గత వేసవిలో ఒక సాయంత్రం మా గాంధీనగర్‌లో ఒక మిత్రుని ఇంట నలుగురం కూర్చున్నాం. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. పదహారు మంది సభ్యులూ, ఒక గైడూ గల చిన్న బృందంలో చేరి నార్వే వెళ్ళి, అక్కడి ఫియోర్డులనూ హిమానీనదాలనూ చూసివచ్చాడు. తాను తీసిన బొమ్మలను గోడమీద ఒకదాని వెంట ఒకటిగా చూపించాడు. నిలువుగా లేచిన కొండలు, వాటి నడుమ నల్లని నీరు, నీటిమీద చిన్న పడవ, పైన నీలికాంతితో మంచు. చూస్తున్నంతసేపూ ఎవరమూ మాట్లాడలేదు. అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకొని పోటీ పరీక్షలకు చదువుకుంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు కూడా మాతో ఉన్నాడు. బొమ్మలన్నీ అయిపోయాక అతడు ఒక్కటే ప్రశ్న వేశాడు.

“ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయా సార్?”

మిత్రుడు ఓపికగా వివరించాడు. వేల సంవత్సరాలపాటు హిమానీనదాలు కొండలను తొలిచి లోతైన లోయలు చేశాయి. మంచు కరిగి వెనక్కి తగ్గాక ఆ లోయల్లోకి సముద్రం వచ్చింది. ఆ విధంగా ఏర్పడినవే ఫియోర్డులు. సోగ్నె ఫియోర్డు పొడవు 200 కిలోమీటర్ల పైమాట, లోతు ఒకచోట 1300 మీటర్ల దాకా ఉంటుంది. ఊళ్ళు మునిగిన లోయలు కావవి. కుర్రవాడు తల ఊపి ఊరుకున్నాడు. అతడికి ఈ నిర్వచనం కొత్తది కాదు; పరీక్ష కోసం కంఠస్థం చేసినదే. కాని అతనిది గోదావరి ఒడ్డున దేవీపట్నం మండలం. అతని ఊరు నిజంగానే నీళ్ళ పాలైంది. అందుచేత, కొండల నడుమ నిండుగా నిలిచిన నీటిని చూస్తే మనకు తట్టని ప్రశ్న అతనికి తట్టింది.

అందమైన దానిని చూడటం దానంతట అది నిర్దోషమైన పనేనా? చూసినంత మాత్రాన చూసినదానిపట్ల మనకేదైనా బాధ్యత ఏర్పడుతుందా? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఇంతమాత్రమే.

ముందుగా ఒక తేలిక సమాధానాన్ని తోసిపుచ్చటం అవసరం. విహారయాత్ర డబ్బున్నవాళ్ళ విలాసం, దానిమీద తాత్త్విక చర్చ ఎందుకని మన మిత్రులలో కొందరు అంటారు. ఇది అభ్యుదయ దృక్పథం కాదు. సౌందర్య పిపాస ఏ వర్గానికీ సొత్తు కాదు. వర్గాధికారంగా ఉంటూ వచ్చింది తీరిక. 1936లో ఫ్రాన్సులో సమ్మెలు చేసిన కార్మికులు ప్రజాసంఘటన ప్రభుత్వం ద్వారా సాధించుకున్న వాటిలో ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఒకటి. నార్వేలో సాగుచేయని భూమిమీద ఎవరైనా కాలినడకన తిరగవచ్చునన్న పాత ఆచారాన్ని 1957లో చట్టం చేశారు. సముద్రాన్నీ కొండనూ చూసే హక్కు పోరాడి సాధించుకోదగిన హక్కే. జీవితమంతా బల్లలమధ్య సుద్దముక్క పట్టుకొని గడిపిన మా మిత్రుడు దాచుకున్న డబ్బుతో మంచుకొండను చూసివస్తే దాన్ని ఎద్దేవా చేసే హక్కు నాకు లేదు.

అయితే హక్కు ఉన్నంత మాత్రాన బాధ్యత తీరిపోదు. ఇక్కడే అసలు చిక్కు ఉంది.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో ప్రకటించిన తన మూడవ విమర్శ గ్రంథంలో సౌందర్యానుభూతికి స్వప్రయోజనంతో నిమిత్తం లేదన్నాడు. ఒక రాజప్రాసాదాన్ని చూపి ఇది అందంగా ఉన్నదా అని అడిగినప్పుడు, ప్రజల చెమటను ఇలాంటి వ్యర్థ వస్తువులమీద ఖర్చుపెట్టారని రూసో ధోరణిలో నిందించవచ్చు. కాని అడిగిన ప్రశ్నకు అది సమాధానం కాదన్నాడు. సౌందర్యాన్ని శ్రమనుంచి విడదీసిన కత్తివేటు ఇదే. అదే గ్రంథంలో మరో చిన్న ముచ్చట ఉంది. ఆల్ప్స్ కొండల్లో తిరిగిన సొస్యూర్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పినదది. సవాయ్ ప్రాంతపు రైతు ఒకడు, మంచుకొండలమీద మోజుపడేవాళ్ళందరూ మూర్ఖులని నిస్సంకోచంగా అన్నాడట. సంస్కారం వికసించనివానికి మహోన్నత దృశ్యం భయంకరంగా మాత్రమే కనిపిస్తుందని కాంట్ దీనికి భాష్యం చెప్పాడు. మహోన్నతానుభూతికి ఆయన మరో షరతు కూడా పెట్టాడు. పొంగే సముద్రమూ విరిగిపడే కొండచరియా మనకు ఆకర్షణీయం కావాలంటే, మనం సురక్షితమైన చోట ఉండాలి.

కాంట్ వదిలేసిన ప్రశ్నను మనం అడగాలి. ఆ సురక్షితమైన చోటును తయారుచేసింది ఎవరు? ఫ్లామ్ లోయలోకి యాత్రికులను దింపే చిన్న రైలుదారి మీద 1940లో రైలు నడిచింది. దానిమీద 20 సొరంగాలున్నాయి; వాటిలో 18 కూలీలు చేత్తో తొలిచినవి. కిటికీ పక్కన కూర్చున్నవాడికి జలపాతం కనిపిస్తుంది, సొరంగం చీకటిగా మాత్రమే కనిపిస్తుంది. మంచుమీద ఎక్కడ పగులు ఉందో తెలిసి తాడు పట్టుకొని ముందు నడిచే గైడు, పడవ సరంగు, వంటమనిషి – వీరంతా కలిసి చేసిన సరుకు పేరు “భద్రత”. పదహారు మంది బృందంలో ఏకాంతం కూడా సరుకే. ఆ రైతుకు సంస్కారం లేక కాదు భయం వేసింది. అతని మంచు అతని ఇంటిమీద పడుతుంది. మనం చూసి వెళ్ళిపోతాం, అతడు ఉండిపోతాడు.

ఈ మాటలు రాస్తూ నన్ను నేను మినహాయించుకోలేను. 2017 సంక్రాంతి సెలవుల తర్వాత నేను నలభై మంది విద్యార్థులను పాపికొండల యాత్రకు తీసుకువెళ్ళాను. ఫియోర్డును తలపించేది మనకు ఏదైనా ఉంటే అదే. తూర్పు కనుమలను చీల్చుకొని వచ్చే గోదావరి అక్కడ రెండు కొండల మధ్య ఒదిగి నడుస్తుంది. ఆ రోజు పడవలో మైకు మోగుతూనే ఉంది. గైడు హాస్యాలాడాడు, సినిమా పాటలకు పిల్లలు నృత్యం చేశారు. పేరంటాలపల్లిలో దిగి, కొండరెడ్డి స్త్రీలు వెదురుతో చేసిన పూలసజ్జలు కొన్నాం. పది రూపాయలకు బేరమాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. తిరిగివస్తూంటే ఎవరో అన్నారు, “ప్రాజెక్టు పూర్తయితే ఇదంతా ఇలా ఉండదు, ఇప్పుడే చూసేయాలి” అని. అందరం తలలూపాం. ఆ మాటలో ఉన్న క్రౌర్యం నాకప్పుడు స్ఫురించలేదు.

పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. లక్షకు పైచిలుకు కుటుంబాలు ఊళ్ళు విడవవలసిన వారి లెక్కలోకి వచ్చాయి. అందులో కోయలూ కొండరెడ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2014లో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది కూడా ఈ ముంపుకోసమే. ఆనకట్ట పూర్తికాకముందే, 2021లో, కాఫర్ డ్యాం వెనుక నిలిచిన నీరు దేవీపట్నం మండలపు గ్రామాలలోకి వచ్చింది. ఫియోర్డును ముంచింది ప్రకృతి. దానికి పట్టిన కాలం వేల యేళ్ళు. ఈ లోయను ముంచేది నిర్ణయం. ప్రకృతిని నిలదీయలేం, నిర్ణయాన్ని నిలదీయవచ్చు.

నీరు అక్కరలేదని నేననటం లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టిందని మనకందరికీ తెలుసు. ఒకరి పొలానికి నీరు వచ్చేటప్పుడు దాని వెల మరొకరి ఊరు కావచ్చునా, అయితే ఆ వెల కట్టేవారిని ముందుగా అడిగారా లేదా అన్నదే ప్రశ్న. నార్వేలో ఈ ప్రశ్నే లేచింది. ఆల్టా నదిమీద జలవిద్యుత్ ఆనకట్టకు వేసిన మొదటి పథకం ప్రకారం మాజె అనే సామి తెగవారి గ్రామం మునిగేది. ప్రతిఘటన వల్ల పథకాన్ని కుదించారు. అయినా 1979లో సామి యువకులు ఓస్లోలో పార్లమెంటు ముందు నిరాహారదీక్ష చేశారు. ఆనకట్ట ఆగలేదు, 1987లో పూర్తయింది. కాని మాజె నిలిచింది; 1989లో సామి ప్రజలకు తమ సొంత పార్లమెంటు వచ్చింది. మా మిత్రుని గైడు ఈ కథ చెప్పలేదట. చెప్పటం అతని ఒప్పందంలో లేదు. మన పడవ గైడు ఒప్పందంలోనూ లేదు.

ఇక 2019 సెప్టెంబరు 15. ఆదివారం. కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో, డెబ్బయి మందికి పైగా ఉన్న విహారపు పడవ మునిగింది. సగానికి పైగా మరణించారు. కాంట్ చెప్పిన సురక్షితమైన చోటు ఒక్క క్షణంలో మాయమైంది. బతికినవాళ్ళను ఎవరు కాపాడారు? ఒడ్డునున్న గిరిజనులు తమ నాటుపడవలు వేసుకొని నీళ్ళలోకి వచ్చి పట్టుకున్నారు. మనం దృశ్యంలో భాగంగా చూసినవాళ్ళు మనలను దృశ్యంగా చూడలేదు. వారి దృష్టిలో మనం మునుగుతున్న మనుషులం. ఆ లోయ మునుగుతున్నప్పుడు మన దృష్టిలో వాళ్ళెవరు?

ఆనకట్ట కట్టింది యాత్రికుడు కాదు, మంచును కరిగించింది ఒక్క విమానం కాదు, మరి అతని నెత్తిన ఇంత బరువు పెట్టటం న్యాయమా అని అడగవచ్చు. న్యాయమైన ఆక్షేపణే. ఐస్‌లాండులో ఓక్ అనే హిమానీనదం 2014లో హిమానీనదపు జాబితానుంచి తొలగింది. 2019లో దానికి స్మారకఫలకం పెట్టారు. దాన్ని చంపింది యాత్రికులని ఎవరూ అనరు. బొగ్గూ చమురూ తవ్వి అమ్మే వ్యవస్థది ఆ నేరం. 2015లో సోగ్నె ఫియోర్డుమీద విద్యుత్తుతో నడిచే కార్ల పడవను ప్రవేశపెట్టిన నార్వే ఉత్తర సముద్రపు చమురును ప్రపంచానికి అమ్ముతూనే ఉంది. వ్యక్తి పశ్చాత్తాపంతో ఈ వైరుధ్యం తీరదు. ఒకడు విమానం ఎక్కటం మానినంత మాత్రాన మంచు నిలవదు.

కాని నేరమూ బాధ్యతా ఒకటి కావు. దారిన పోతూ ప్రమాదాన్ని చూసినవాడు ఆ ప్రమాదానికి కారకుడు కాడు. అయినా చూశాడు కాబట్టి సాక్షి అవుతాడు. సాక్షి మౌనంగా ఉంటే అబద్ధానికి బలం చేకూరుతుంది. కరిగిపోకముందే, మునిగిపోకముందే చూసెయ్యాలన్న తొందర సాక్షి తొందర కాదు. అంగడి మూసేలోపు సరుకు తెచ్చుకునేవాడి తొందర. ఆ తొందరలో పోతున్నదాని పోకడను అంగీకరించటం ఇమిడి ఉంది. నష్టాన్ని ఆపవలసినదిగా గాక, తన అనుభవానికి విలువ పెంచేదిగా చూడటం ఉంది. నేను ఆ పడవలో తల ఊపినప్పుడు చేసింది అదే.

1830లో మద్రాసునుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకిలో, వంద మంది దాకా పరివారంతో వెళ్ళాడు. పెద్ద ఉద్యోగి. అయినా ఆయన రాసిన యాత్రా చరిత్రలో దేవాలయాలతోపాటు దారులూ, పంటలూ, ధరలూ, మనుషుల వాడుకలూ ఉన్నాయి. చూసినదాని వెనుక బతుకు ఉందన్న స్పృహ అది. 1838లో అచ్చయిన పుస్తకంలో ఉన్న ఆ పాటి కుతూహలం 2017లో నా నలభై మంది విద్యార్థుల ముందు నాలో లేదు.

ఈ ఏడాది మా కళాశాల పిల్లలు మళ్ళీ పాపికొండలే కావాలన్నారు. నేను ఆ పూర్వ విద్యార్థి గదికి వెళ్ళి, ఈసారి ముందు పునరావాస కాలనీకి వెళ్దాం, నువ్వు దారి చూపించు అన్నాను. గొప్ప పరిష్కారం కనిపెట్టానని లోపల కొంత సంతోషం కూడా కలిగింది. అతడు కాసేపు పుస్తకం మూసి పట్టుకొని కూర్చున్నాడు.

“వాళ్ళేమైనా చూపించుకోడానికి ఉన్నారా సార్?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కొండను చూసినట్టే కష్టాన్ని కూడా చూసివద్దామనుకున్నాను. మనం చూడదలచుకున్నవారికి మనలను చూడనివ్వకుండా ఉండే హక్కు ఉందని నా ఆలోచనలో ఎక్కడా లేదు. చివరకు అతడే అన్నాడు, మా పెద్దలను అడుగుతాను, మీరు వచ్చి ఏం చేస్తారో కూడా వాళ్ళకు చెప్పాలి గదా అని. పిల్లలతో కూర్చొని ఆ సంగతి ఆలోచించాం. పరిహారం కాగితాలు చదివిపెట్టటం, అర్జీలు రాయటం, వారు చెప్పదలచుకుంటే మునిగిన ఊళ్ళ పేర్లూ పాటలూ రాసుకొని ప్రకటించటం – మాకు చేతనైనవి ఇవే. వాటిని ఒక ఉత్తరంగా రాసి అతనికి ఇచ్చాను.

జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ప్రయాణానికి తేదీ పెట్టవద్దని పిల్లలే తీర్మానించారు.