రాగి రేకు

అనగనగా అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, ఇది నిజంగా జరిగిన కథ. 1968లో ఒక పందెం పెట్టారు: ఒంటరిగా, ఏ రేవులోనూ ఆగకుండా, తెరచాప పడవలో భూమిని చుట్టి ఇంటికి రావాలి. తొమ్మిది మంది బయల్దేరారు. మన కథకు ఇద్దరు చాలు.

మొదటివాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. అతని సుహైలీ 32 అడుగుల టేకు పడవ, మన బొంబాయిలో కట్టింది. జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ వదిలాడు. ఇంకా అట్లాంటిక్‌లో ఉండగానే పడవలో నీళ్లు ఊరడం మొదలైంది. మునిగి చూస్తే అడుగున పలకల మధ్య సందు. తెల్లటి ఒళ్లు సొరచేపల కంట పడకుండా ముదురు రంగు చొక్కా, ప్యాంటు తొడుక్కుని దిగాడు. ఊపిరి బిగబట్టగలిగినంత సేపే పని. సందులో దూది కూరి, గుడ్డ కప్పి మేకులు కొట్టి, ఆపైన రాగి రేకు బిగించాడు. ఆ రేకు ఎక్కడిదంటారా? రేడియో అమర్చినవాళ్లు పడవలో వదిలేసి పోయిన ముక్క.

తర్వాత తాగే నీళ్లు చెడిపోయాయి, వాన నీళ్లు పట్టుకున్నాడు. పడవను దానంతటదే దారిలో నిలిపే యంత్రం విరిగింది. రేడియో కూడా మూగబోయింది. నవంబరులో న్యూజిలాండ్ దాటాక నాలుగు నెలలకు పైగా మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. 1969 ఏప్రిల్ 22న, 312 రోజులకు, ఫాల్మత్‌లోకి వస్తే కస్టమ్స్‌వాళ్లు పడవెక్కి, ఎక్కణ్ణుంచి వస్తున్నావని అడిగారు. ఫాల్మత్ నుంచే అన్నాడు.

రెండోవాడు డొనాల్డ్ క్రోహర్‌స్ట్. బయల్దేరడానికి ఇచ్చిన గడువు చివరి రోజున, అక్టోబరు 31న, పని పూర్తికాని పడవతో బయల్దేరాడు. ఇది దక్షిణ సముద్రాలకు ఆగదని రెండు మూడు వారాలకే తెలిసిపోయింది. వెనక్కి వస్తే దివాలా, ముందుకు పోతే చావు. అతని రేడియో మాత్రం పనిచేస్తోంది. వచ్చిన చిక్కంతా అదే. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, లేని చోట ఉన్నట్టు కబుర్లు పంపసాగాడు. అతను వెనకే తరుముకొస్తున్నాడనుకుని, పందెంలోనే ఉన్న నైజెల్ టెట్లీ తన పడవను మితిమీరి తోలాడు. మే 21న అది మునిగింది, మనిషి దక్కాడు. ఇప్పుడిక అతి తక్కువ రోజుల్లో చుట్టివచ్చినవాడికి ఇచ్చే బహుమతి క్రోహర్‌స్ట్‌దే అయ్యేలా ఉంది. గెలిస్తే, రోజూ ఎక్కడున్నాడో రాసుకునే లాగ్‌బుక్ నలుగురి ముందూ పెట్టాలి. జులై 10న పడవ ఖాళీగా దొరికింది. పుస్తకాలున్నాయి, మనిషి లేడు.

నీతి: అబద్ధమాడరాదని రాసి గీత గీసేయొచ్చు. నాకది చాలదు. క్రోహర్‌స్ట్ తన పడవ లోపాలన్నీ ఆ లాగ్‌బుక్‌లో పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. తెలియక కాదు, ఒడ్డుకు చెప్పుకోలేక మునిగాడు. చిల్లు ఏ పడవకైనా పడుతుంది, ఇంటికి చెప్పుకోలేని చిల్లే ప్రాణం తీస్తుంది. ఒడ్డున కూచుని మంచి కబురు తప్ప ఇంకేదీ వినలేని మనకు కూడా అందులో వాటా ఉంది.

పందెం పూర్తిచేసింది నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే. కాబట్టి తక్కువ రోజుల బహుమతి, 5,000 పౌండ్లు, అతనికే వచ్చింది. ఆ డబ్బు క్రోహర్‌స్ట్ భార్యాపిల్లలకు ఇచ్చేశాడు.