వాత ఎంత లోతు?



పశువుకు జబ్బు చేస్తే ఇనుప కడ్డీ కాల్చి వాత పెట్టడం మన పల్లెల్లో పెద్దలెరిగిన వైద్యమే. రాయపోల్ వంటి ఊళ్లో ఏ ముసలి రైతునడిగినా చెబుతాడు. ఆ వాత చర్మం క్రింద ఎంత లోతు కాల్చిందో ఎవరు చూశారు?

మెదడు ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి డాక్టరు పెట్టేదీ ఒక వాతే, కాకపోతే కరెంటుతో. 1926లో బోస్టన్‌లో హార్వే కుషింగ్, విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో దీనికి దారి వేశాడు. అయితే వేడి రక్తనాళం దగ్గరే ఆగదు. ప్రక్క కణాలు చనిపోతాయి, చుట్టూ వాపు వస్తుంది. ఎంత దూరం? మనిషి మెదడు కోసి చూడలేరు గనుక జంతువుల మెదడులో కాల్చి, వాటిని చంపి, సూక్ష్మదర్శినిలో చూశారు. రెండు మొనల మధ్యనే కరెంటు పారే పట్టకారు వాడితే, ఉప్పునీటితో తడుపుతూ ఉంటే నష్టం తగ్గుతుందని తేలింది.

రేపు మీ బిడ్డ తలకు దెబ్బ తగిలి హైదరాబాదు తీసికొని వెళితే అటువంటి పట్టకారే వాడతారు. వద్దంటారా? నేననలేను.

శ్రీసభ 1992 నాటి సత్యోపదేశ గ్రంథం, 2417వ పేరాలో, ప్రాణరక్షణకై మితంగా చేసే పరీక్షలను ఒప్పుకొంది. మరుసటి పేరాలోనే, జంతువులను అనవసరంగా బాధించడం మానవ గౌరవానికి విరుద్ధమంది. చిక్కంతా ఆ "అనవసరం" దగ్గరే. మత్తు ఇచ్చే చేసినా, తెలిసిన సంగతినే డిగ్రీ కోసం మరో ఇరవై కుందేళ్లపై తేల్చుకోవాలా? పుస్తకమో నమూనానో చాలినచోట ప్రయోగం మానమని మన 1960 చట్టమూ అంటుంది. ఆ కుందేలుకు మనం బాకీ ఉన్నామా అని మాత్రం ఏ చట్టమూ అడగదు. ఉన్నామనే నాకు తోస్తుంది. మీ కొట్టంలో ఎద్దుకు పాత వాత మచ్చ ఉంటే, దాన్ని ఒకసారి చూసి మీరూ చెప్పండి.