బండను కదిలించేది ఎవరు?

ఒక పని ఫలించినప్పుడు దాని కర్త ఎవరన్న ప్రశ్న సాధారణంగా పుట్టదు. గెలిచినవాడే కర్తగా నిలబడి దండలు వేయించుకుంటాడు. గెలుస్తాడని అందరూ నమ్మినవాడు ఓడినప్పుడే ఆ ప్రశ్న తలెత్తుతుంది, అప్పుడు లోకం చెప్పే సమాధానాలు రెండే: అతని లెక్క తప్పిందనేది ఒకటి, అతని రాత బాగాలేదనేది మరొకటి. మొదటి సమాధానం పురుషకారాన్ని, అంటే మనిషి పూనికతో చేసే ప్రయత్నాన్ని, ఏకైక కారణంగా నిలబెడుతుంది. రెండోది దైవాన్ని ముందుకు తెచ్చి ప్రయత్నాన్ని పక్కకు నెడుతుంది. 800, 1500 మీటర్ల పందేలను, అంటే మధ్యదూరపు పరుగులను, పెద్ద పోటీల్లో పరిశీలించినప్పుడు ఈ రెండు సమాధానాలూ చాలవని తేలడమే కాక, కర్తృత్వాన్ని గురించి వేదాంతులు చేసిన విచారం ఎంత నిక్కచ్చి అయినదో కూడా బోధపడుతుంది.

భగవద్గీత పద్ధెనిమిదవ అధ్యాయం ప్రతి కర్మకూ ఐదు కారణాలను లెక్కిస్తుంది: అధిష్ఠానం, అంటే కర్మకు ఆధారమైన శరీరం, కర్త, అంటే చేస్తున్నది తానేనని భావించే జీవుడు, కరణాలు, అంటే ఇంద్రియాల వంటి సాధనాలు, వేర్వేరు చేష్టలు, అంటే ప్రాణవాయువుల వ్యాపారం మొదలైన కదలికలు, ఐదవది దైవం. ఈ దైవశబ్దానికి ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలని శంకరులు అర్థం చెప్పగా, లోపల ఉండి నడిపించే అంతర్యామి అయిన పరమాత్మ అని రామానుజులు వ్యాఖ్యానించారు. ఇద్దరిలో ఎవరూ దాన్ని నుదుటి గీతగా తేల్చేయలేదు. ఐదింటి మాట పండితులకే పరిమితమైనదీ కాదు. నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో బానకచర్ల క్రాస్ రెగ్యులేటర్ దిగువన సేద్యం చేసే రైతుకు పొలం, ఒంట్లో సత్తువ, కాడి, దున్నకం అన్నీ చేతిలోనే ఉన్నా, ఎక్కడో పశ్చిమ కనుమల్లో వాన కురిసి కృష్ణ పొంగి శ్రీశైలం జలాశయం నిండితే తప్ప కాలువకు నీళ్లు రావు. ఆ వానకూ కారణాలు ఉన్నాయి, అయితే అవి రైతు చేతిలో లేవు. ఐదవ కారణాన్ని ముందుగా ఈ మోటు అర్థంలోనైనా గ్రహించడం మేలు.

మధ్యదూరపు పరుగులో ప్రయత్నానికీ ఫలానికీ ఉన్న పొత్తు ఎంత వదులుగా ఉంటుందో చూపడానికి రెండు ఒలింపిక్ ఫైనళ్లు చాలు. 2016లో రియోలో 1500 మీటర్ల స్వర్ణాన్ని అమెరికాకు చెందిన మాథ్యూ సెంట్రోవిట్జ్ 3 నిమిషాల 50.00 సెకన్లలో గెలిచాడు. 1932 తర్వాత ఒలింపిక్స్‌లో ఆ పందెం అంత నెమ్మదిగా ఎన్నడూ ముగియలేదు. 2024లో పారిస్‌లో నార్వే పరుగువీరుడు జాకబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ అదే దూరాన్ని 3 నిమిషాల 28.24 సెకన్లలో పూర్తిచేశాడు, అది మూడేళ్ల కిందట టోక్యోలో అతనికి స్వర్ణాన్నీ ఒలింపిక్ రికార్డునూ తెచ్చిన 3 నిమిషాల 28.32 సెకన్ల కంటే మెరుగైన పరుగు, అయినా అతనికి దక్కింది నాలుగో స్థానం. దాదాపు 22 సెకన్లు ఆలస్యంగా వచ్చినవాడి మెడలో బంగారం, తన రికార్డును తానే దాటినవాడికి కంచు కూడా లేదు.

దీని వెనుక ఉన్న యంత్రాంగాన్ని కొంత విప్పి చెప్పాలి. రికార్డుల కోసం ఏర్పాటుచేసే పందేల్లో పేసర్, అంటే నిర్ణీత వేగంతో ముందు పరుగెత్తి మధ్యలో తప్పుకొనే సహాయకుడు, ఉంటాడు. ఛాంపియన్‌షిప్‌లో అతడు ఉండడు కనుక ముందు నడిచే భారాన్ని పోటీదారుల్లోనే ఎవరో ఒకరు నెత్తికెత్తుకోవాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ వెళ్తే వెనకున్నవాడు ఆ చాటున శక్తిని దాచుకుంటాడు. కాబట్టి ఎవరూ ముందుకు రాకపోతే పందెం నడకలా సాగి ఆఖరి ల్యాప్ గంట మోగాక కొసపరుగుగా మారుతుంది; అప్పుడు ట్రాక్ లోపలి అంచున చిక్కుకున్నవాడు దారి దొరక్క ఆగిపోతాడు, బయటి వరుసలో ఉన్నవాడు దారి ఉన్నా ప్రతి వంపులోనూ కొన్ని మీటర్లు ఎక్కువ పరుగెత్తుతాడు. పారిస్‌లో ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఈ చిక్కు లేకుండా మొదటి నుంచే ముందుండి వేగం పెంచాడు. అయితే ఆ వేగమే వెనకవారికి వాహనమైంది. చివరి వంద మీటర్లలో అతడు లోపలి అంచు నుంచి కొద్దిగా బయటికి జరగగా, ఆ ఖాళీలోంచి కోల్ హాకర్ దూసుకొచ్చి 3 నిమిషాల 27.65 సెకన్లతో కొత్త ఒలింపిక్ రికార్డు నెలకొల్పాడు.

ఓటములన్నీ ఒక జాతివి కావు. 1968 మెక్సికో నగరంలో 1500 మీటర్ల ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న జిమ్ ర్యూన్‌ను కెన్యా పరుగువీరుడు కిప్ కీనో సుమారు మూడు సెకన్ల తేడాతో ఓడించాడు. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పలచని గాలిలో ర్యూన్ సంకల్పం తగ్గలేదు, అతని అధిష్ఠానం, అంటే ఊపిరిమీద ఆధారపడిన ఆ శరీరం, ఎత్తైన నేలమీద పెరిగిన కీనో శరీరంతో సమానం కాలేకపోయింది. 1980 మాస్కోలో 800 మీటర్ల ప్రపంచ రికార్డు ఉన్న సెబాస్టియన్ కో పందెమంతా వెనకబడి ఉండి, ఆలస్యంగా మేల్కొని, స్టీవ్ ఓవెట్‌కు స్వర్ణాన్ని వదులుకున్నాడు. అక్కడ దైవాన్ని పిలవడం అన్యాయం, అది కర్త చేసిన పొరపాటే.

తెలుగునాట నుంచి ఈ విచారానికి దొరికే సమీప ఉదాహరణ మధ్యదూరానిది కాదు, 400 మీటర్లది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టి20 విభాగపు 400 మీటర్లను 55.07 సెకన్లలో గెలిచి ప్రపంచ రికార్డు సాధించింది. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగానికి టి20 అని పేరు. మూడు నెలలు దాటగానే పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో తుర్కియే క్రీడాకారిణి ఐసెల్ ఓండర్ 54.96 సెకన్లతో ఆ రికార్డును తీసుకుంది, ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన యులియా షులియార్ 55.16తో ఇద్దరినీ దాటింది, దీప్తి 55.82తో కాంస్యం అందుకుంది. ఎవరి గడిలో వారు పరుగెత్తే ఈ పందెంలో దారి మూసేవారు లేరు, చాటు ఇచ్చేవారు లేరు; అయినా హీట్స్‌లో ప్రపంచ రికార్డు రాసిన ఓండర్‌కు కూడా స్వర్ణం దక్కలేదు. వ్యూహాన్ని పూర్తిగా తీసివేసినా ఫలం ప్రయత్నానికి దాసి కాలేదని ఇది చూపుతుంది.

ఆళ్లగడ్డకు చేరువలోని అహోబిలం ఈ విషయంలో మౌనంగా లేదు. భాగవతం సప్తమ స్కంధంలోని హిరణ్యకశిపుడు కోరిన వరం నిజానికి ఒక వ్యూహపట్టిక: పగలు గాని రాత్రి గాని, లోపల గాని బయట గాని, నేలమీద గాని ఆకాశంలో గాని, మనిషి వల్ల గాని మృగం వల్ల గాని, ఆయుధం వల్ల గాని చావు రాకూడదు. తెలిసిన ప్రతి ప్రత్యర్థికీ అందులో విరుగుడు ఉంది. సంధ్యవేళ, గడపమీద, ఒడిలో, గోళ్లతో వచ్చిన అంతం ఆ పట్టికలోని ఏ ఒక్క షరతునూ అతిక్రమించలేదు. రెండు గడుల మధ్య ఎవరూ చూడని గీత మీద నిలబడి వచ్చింది. నరసింహుడు ఆవిర్భవించాడని స్థలపురాణం చెప్పే ఉగ్రస్తంభాన్ని చూడడానికి కొండెక్కే భక్తులకు ఇది భగవంతుని మహిమ. తత్త్వవిచారం చేసేవారికి ఇందులో అదనంగా కర్తృత్వభ్రమ కనిపిస్తుంది. సర్వకారణాలనూ తన చేతిలోకి తెచ్చుకున్నానని నమ్మినవాడు ఐదవదాన్ని లెక్కించలేదు సరే, తాను లెక్కించలేదన్న సంగతినే ఎరుగడు.

అయితే ఐదు కారణాల పట్టికకూ ఒక ఆక్షేపణ ఉంది: అందులో ప్రత్యర్థి లేడు. పందెంలో ఎదుటివాడు నా శరీరం కాదు, నా ఇంద్రియం కాదు. అతణ్ణి దైవంలో కలిపేస్తే అతని కష్టాన్ని అవమానించినట్టే. ఈ చిక్కుకు రామానుజుల గీతాభాష్యంలో ఒక ఉపమానం దారి చూపుతుంది. అంతర్యామి నడిపిస్తుంటే జీవుడికి విధినిషేధాలు, అంటే 'చెయ్యి', 'చెయ్యకు' అనే శాస్త్రాజ్ఞలు, ఎలా వర్తిస్తాయన్న ప్రశ్నకు ఆయన, ఒక పెద్ద బండనో చెట్టునో పలువురు కలిసి కదిలించినప్పుడు అందరూ కారణమే అవుతారు, అందరూ బాధ్యులే అవుతారు అని జవాబిస్తారు. రామానుజ సంప్రదాయానికి పెద్ద పీఠమైన అహోబిల మఠం వెలసిన సీమలోనే, తిరునాళ్లకు, పండుగలకు బండలాగుడు పోటీలు జరగడం ఒక చక్కని యాదృచ్ఛికం. పళ్లను బట్టి విభాగాలు చేసిన ఎడ్లజత నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. బరి చివర బండతో సహా వెనక్కి మళ్లే చోట ఒక ఎద్దు ముందే తిరిగి రెండోది తడబడితే, తోలేవాడు ఎంత అదిలించినా పోయిన క్షణాలు తిరిగి రావు. కుడి ఎద్దా, ఎడమ ఎద్దా, తోలేవాడా, నేల తడా అని ఆ కొలతను ముక్కలు చేసి పంచడం ఎవరి తరమూ కాదు. అలాగని ఎవరూ బాధ్యులు కారని అనడమూ కుదరదు.

పరుగుపందెం అందరూ కలిసి లాగే బండే, కాకపోతే ఎవరి దిక్కు వారిది. రియోలోని నెమ్మది ఒక్కరు నిర్ణయించింది కాదు, ముందుకు రాని ప్రతి ఒక్కరూ దాన్ని నిర్మించారు. ఆ లెక్కన ప్రత్యర్థి ఆరో కారణం కాడు, దైవమూ కాడు. ఒకే బండకు కట్టిన మరో కర్త. 1976 మాంట్రియల్‌లో 800 మీటర్ల ఫైనల్ మొదటి ల్యాప్‌ను భారతీయుడు శ్రీరామ్ సింగ్ ముందుండి నడిపించాడు. ఆ వేగాన్ని అందుకొని క్యూబాకు చెందిన అల్బెర్టో హువాంతొరేనా 1 నిమిషం 43.50 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. ఏడో స్థానంలో వచ్చిన శ్రీరామ్ సింగ్‌కు మిగిలిన 1 నిమిషం 45.77 సెకన్లు 42 ఏళ్లపాటు జాతీయ రికార్డుగా నిలిచాయి. హువాంతొరేనా విజయంలో అతని వాటా ఎంతన్నది ఏ పట్టికలోనూ ఉండదు, అయినా ఆ వాటా లేదనడం అబద్ధం.

ఆ జాతీయ రికార్డును 2018 జూన్‌లో బద్దలుకొట్టిన జిన్సన్ జాన్సన్, ఆగస్టు 28న జకార్తా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల ఆఖరి వంద మీటర్లలో వెనక నుంచి వచ్చిన సహచరుడు మంజీత్ సింగ్ చేతిలో 0.20 సెకన్ల తేడాతో ఓడిపోయాడు. రెండు రోజుల తర్వాత అదే ట్రాక్ మీద 1500 మీటర్ల స్వర్ణం జిన్సన్ గెలుచుకున్నాడు. మంజీత్‌ది నాలుగో స్థానం.